నలభై ఒకటో ముందుమాట

నవంబరు 8, శుక్రవారం

ఆశాజ్యోతి గారి నవల కొరియర్‌లో వచ్చింది. పేరు ‘తొమ్మిదింటి పంటు’. అట్ట బాగుంది, కాగితం బాగుంది, ముందుమాట నాది. నా పేరు ఇంకొంచెం లావు అక్షరాల్లో వేయాల్సింది, పోనీలే. ఇది నేను రాసిన నలభై ఒకటో ముందుమాట. సాహితీ సమితి కార్యదర్శి పల్లంరాజు గారు సభల్లో నన్ను ‘ముందుమాటల చక్రవర్తి’ అని పరిచయం చేస్తారు. అది పొగడ్తో వెటకారమో పదేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాను.

పుస్తకంలో ఒక చీటీ: “జోగేశ్వరరావు గారండీ, 24న నరసాపురంలో ఆవిష్కరణ. పుస్తకం గురించి మీరే మాట్లాడాలి. అమ్మ కూడా మిమ్మల్ని చూడాలంటోందండి.”

వాళ్ళమ్మ నన్నెందుకు చూడాలి? నా నవలలు చదివి ఉంటుంది. నరసాపురంలో నాకింకా పాఠకులు ఉన్నారన్నమాట.

“ఎలా ఉందండీ పుస్తకం?” అంది సత్యలక్ష్మి కాఫీ ఇస్తూ.

“అద్భుతం.”

“చదివారా?”

“ముందుమాట రాసినవాణ్ణి పట్టుకుని చదివారా అంటావేంటి!”

ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఈవిడకి సాహిత్య మర్యాదలు నేర్పలేకపోయాను.

నవంబరు 9, శనివారం

చచ్చాను.

సభలో ఇరవై నిమిషాలు మాట్లాడాలి కాబట్టి పొద్దున్నే పుస్తకం తీశాను. నా పద్ధతి ప్రకారం మొదటి పేజీ, ఆఖరి పేజీ, మధ్యలో ఎక్కడైనా ఒకటి. ఈ మూడు పేజీలతో గంటసేపు మాట్లాడిన రోజులున్నాయి నాకు.

ఆఖరి పేజీలో కథానాయిక చిన్నమ్మాయి బతికే ఉంది!

బతికి ఉండటమంటే మామూలుగా కాదు. రేవులో టికెట్ల గది ముందు నిలబడి, చంకలో మేకపిల్లతో, ఏరు దాటించే పంటు ఎక్కబోతున్న ఒకాయన్ని ఆపి, “చంకలో ఉన్నా నేల మీదున్నా మేక మేకేనండి, టికెట్టు తీసుకోండి” అని దెబ్బలాడుతోంది. అక్కడితో నవల అయిపోయింది. వెనక ఇంకో పేజీ ఉందేమోనని తిప్పి చూశాను. ప్రెస్సువాళ్ళ చిరునామా ఉంది.

మరి నా ముందుమాట చివర ఏముంది? నా ఖర్మ కొద్దీ నా చేత్తోనే మళ్ళీ ఎత్తి రాసుకుంటున్నాను: “చివరి పుటలో చిన్నమ్మాయి గోదారి తల్లి ఒడిలో శాశ్వతంగా నిదురించినప్పుడు, ఎన్నో నవలలు చదివి బండబారిన నా కళ్ళు సైతం చెమర్చాయి.”

ఈ ఒక్క వాక్యమైతే ఎలాగో సర్దుకోవచ్చు. నాలుగు పేజీల నిండా ఆవిడ మొగుడి కోసం ఎదురు చూసింది, కన్నీళ్ళు పెట్టుకుంది, నదికి మొరపెట్టుకుంది, చివరికి మునిగింది. మధ్యలో తెరిచిన పేజీలో మొగుడేమో రోజూ సాయంత్రం ఐదింటికి ఇంటికొచ్చి ఉల్లిపాయలు తరుగుతాడట!

ఎలా జరిగిందంటే, ఎప్పటిలాగే జరిగింది. జూలైలో పల్లంరాజు గారు ఫోన్ చేసి, “రేవులో టికెట్లు చింపే ఆవిడ కథండి, పేరు చిన్నమ్మాయి. మొగుడు అవతల ఒడ్డున పనిచేస్తాడు. వారంలో ముందుమాట కావాలండి” అన్నారు. నవల పిడిఎఫ్‌గా ఫోన్‌కి వచ్చింది. చీమల్లాంటి అక్షరాలు. రేవు అన్నారు, ఆడమనిషి అన్నారు, మొగుడు అవతల ఒడ్డున అన్నారు. ఇంకేం కావాలి? మిగతా నవలంతా నాకు తెలిసిపోయింది. స్నానానికి నీళ్ళు కాగేలోపు రాసి పంపించేశాను.

ఐదు వందల కాపీలు అచ్చయి కూర్చున్నాయి.

నవంబరు 10, ఆదివారం

పల్లంరాజు గారికి ఫోన్ చేశాను.

“రాజుగారూ, మీరు ఆ నవల చదివారా?”

“అబ్బే, మీరు చదివారు కదా అని నేను చదవలేదండి.”

“ఆవిడ చచ్చిపోదండీ!”

“ఎవరండీ?” కంగారుపడిపోయారు పాపం. “ఆశాజ్యోతి గారికేమైందండీ?”

విషయం చెప్పాను. కాసేపు ఆలోచించి, “దానికింత హైరానా ఎందుకండీ. ముందుమాటలు ఎవరు చదువుతారు?” అన్నారు.

ఓదార్చడానికే అన్నారు, తెలుసు. నలభై ఒక్క ముందుమాటలు రాసినవాడితో అనే మాటేనా అది? ఫోన్ పెట్టేశాక ఇంకా ఎక్కువ బాధేసింది.

ఒకటి మాత్రం అర్థం కావడంలేదు. ఎవరూ చదవకపోయినా ఆశాజ్యోతి గారు చదివి ఉంటారు కదా. ప్రూఫులు ఆవిడే దిద్దుకున్నారట. తన నవల్లో లేని చావు ముందుమాటలో ఉంటే ఒక్క మాట అడగరా? ఒక ఫోను చేయరా? అలాగే అచ్చుకి ఇచ్చేస్తారా?

నేనే ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు.

నవంబరు 11, సోమవారం

కార్తీక సోమవారం. సత్యలక్ష్మి క్షీరారామం వెళ్ళింది. గుడి దగ్గర ఇసకేస్తే రాలనంత జనం ఉంటారు కాబట్టి మధ్యాహ్నం దాకా రాదు. పెన్సిల్ చెక్కుకుని కూర్చున్నాను. నవల్లో తప్పులు దొరికితే నా తప్పు కాస్త చిన్నదవుతుందని ఆశ.

తప్పు 1: పేజీ 12. ఒక పేరా మరీ పొడుగు. (ఇది తప్పేనా? తప్పే.)

తప్పు 2: పేజీ 17. ‘అంది’ అనే మాట ఆరుసార్లు వచ్చింది.

తప్పు 3:

మూడోది రాయలేదు. ఇరవయ్యో పేజీ దాటాక పెన్సిల్ ఎక్కడ పెట్టానో కూడా తెలియలేదు.

టికెట్ల గది కిటికీ చాలా చిన్నది. చిన్నమ్మాయికి మనుషులు కనిపించరు, చేతులే లోపలికొస్తాయి. ఆ చేతుల్ని బట్టే ఆవిడ రేవు దాటే వాళ్ళందర్నీ పోల్చుకుంటుంది. ఎవరింట్లో ఆవకాయ పెడుతున్నారో, ఎవరి వేలికి ఉంగరం పోయిందో, ఎవరు కొత్తగా కుట్టుమిషను నేర్చుకుంటున్నారో అన్నీ తెలుసు. ఒకరోజు గోరింటాకు ఎర్రగా పండిన చెయ్యొకటి లోపలికొచ్చి, వణుకుతూ రెండు టికెట్లు అడుగుతుంది. చిన్నమ్మాయి టికెట్లిచ్చి, బయటికొచ్చి, ఎప్పుడూ తొమ్మిదింటికి కదిలే పంటుని ఆరు నిమిషాల ముందే పంపించేస్తుంది. వెనక తరుముకొచ్చినవాళ్ళు ఒడ్డున నిలబడి కేకలేస్తుంటే, “గడియారాన్నడగండి, నన్నడుగుతారేంటి?” అనేసి, గదిలోకెళ్ళి, ఆదివారం చర్చిలో పాడాల్సిన పాట సాధన చేసుకుంటుంది.

ఇల్లు దద్దరిల్లేలా నవ్వాను. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ నరసాపురం రేవే దాటి నేను పదకొండేళ్ళు అవతల ఒడ్డున సఖినేటిపల్లి బ్యాంకుకి వెళ్ళాను. రోజూ తొమ్మిదింటి పంటు. రోజూ ఆ కిటికీలో చెయ్యి పెట్టాను. ఆ గదిలో ఒక మనిషి ఉందని, ఆ మనిషి నా చెయ్యి చూస్తోందని ఒక్కనాడూ తోచలేదు.

నాకు అసూయ లేదు. ఆ సంగతి ఇక్కడ స్పష్టంగా రాసి పెట్టుకుంటున్నాను.

నవంబరు 12, మంగళవారం

రెండు వందల పన్నెండు పేజీలూ పూర్తయ్యాయి.

అసూయ ఉంది. కడుపులో మంటగా ఉంది. రెండు గ్లాసుల మజ్జిగ తాగాను, తగ్గలేదు. నలభై రెండేళ్ళ స్కూలు టీచరు, మొదటి నవల! నా అయిదో నవల తొమ్మిదేళ్ళుగా పంతొమ్మిదో పేజీ దగ్గర నిలబడి ఉంది. ఎవరైనా అడిగితే ‘లోపల పండుతోంది’ అంటాను.

ఒక పాత్రని మాత్రం మహా బాగా పట్టుకుంది. 88వ పేజీలో వస్తాడు. రేవులో అందరూ ఆయన్ని ‘వీపుగారు’ అంటారు. మెడ మీద పౌడరు, చంకలో గొడుగు. పంటు మీద ఎంతమంది ఉన్నా అందరికీ వీపు చూపించి, నది వైపు తిరిగి చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉంటాడు. ఒకరోజు పంటు నడి ఏట్లో ఉండగా ఒకావిడకి నొప్పులొస్తాయి. ఆడవాళ్ళు చీరచెంగులు అడ్డం పట్టి పురుడు పోస్తారు. పిల్ల కేరుమంటే వీపుగారు వెనక్కి తిరక్కుండానే, “అబ్బ, కాసేపు నిశ్శబ్దంగా ఉండనివ్వరు కదా” అని విసుక్కుంటాడు. నాకు నవ్వలేక పొట్ట నొప్పొచ్చింది. ఇలాంటి శాల్తీలను ఎంతమందిని చూశానో!

సత్యలక్ష్మిని పిలిచి ఆ పేజీ చదివి వినిపించాను. నవ్వలేదు. నా మెడకేసి చూసింది.

నవంబరు 13, బుధవారం

పేజీ 88 మళ్ళీ చదివాను.

నవంబరు 14, గురువారం

వీపుగారు నేనే.

నవంబరు 15, శుక్రవారం

అన్నీ ఇప్పుడు తెలిసొస్తున్నాయి. ఇది పగ! నన్ను నవల్లో పెట్టి నవ్వులపాలు చేసి, నాచేతే ముందుమాట రాయించి, అది తప్పని తెలిసీ అచ్చు వేయించి, ఇప్పుడు పదిమందిలో నిలబెట్టడానికి సభకి పిలిచింది. ఎంత పకడ్బందీగా చేసిందో చూడు. వాళ్ళమ్మ చూడాలంటోందట, వాళ్ళమ్మ! బంధువులందరికీ చూపించడానికన్నమాట.

ఇదంతా సత్యలక్ష్మితో అన్నాను. ఆవిడ ఆ నవలే చదువుతోంది, పొయ్యి మీద పప్పు అడుగంటుతున్నా లేవకుండా.

“ఆవిడకి మీ మీద పగేంటండీ? మీరు పంటు మీద అలాగే నిలబడేవారా?”

“నవల రాసుకునేవాణ్ణి.”

“పిల్ల నిజంగా పుట్టిందా?”

“నాకు గుర్తులేదు.”

పేజీ తిప్పబోతున్నదల్లా ఆగి నాకేసి చూసింది. నాకూ ఆ జవాబు ఎలాగో అనిపించింది. ఒక మనిషి పదడుగుల దూరంలో పుడితే గుర్తుండదా? పొద్దుటినించీ గింజుకుంటున్నాను. ఆ ఏడాది గోదావరి మీద పడ్డ ఎండ గుర్తుంది. ఆ ఎండ గురించి రాసిన ఒకటిన్నర పేజీ గుర్తుంది. పిల్ల గుర్తులేదు.

నవంబరు 18, సోమవారం

రాజమండ్రి వెళ్ళొచ్చాను. ఇంట్లో పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పాను.

పుస్తకం వేసిన ప్రెస్సు లోవరాజుది. నాకు పాత పరిచయమే. కాపీలన్నీ ఇంకా అక్కడే ఉన్నాయట, శనివారం నరసాపురం పంపిస్తాడట. కళ్ళు మెరిశాయి నాకు.

“లోవరాజూ, నాకో సాయం చెయ్యాలి. ముందుమాటలో చిన్న పొరపాటు దొర్లింది. ఆ నాలుగు పేజీలూ లాగేస్తే?”

“ఏ పేజీలండీ?”

“అయిదు నుంచి ఎనిమిది.”

అతను పదహారు పేజీలు అచ్చయిన, ఇంకా కుట్టని ఫారం ఒకటి తెచ్చి బల్ల మీద విప్పాడు. “ఇది చూడండి. అయిదో పేజీ ఉన్న కాగితమే మడతపడి అటుపక్క పదకొండో పేజీ అవుద్దండి, ఆయ్. ఏడో పేజీ కాగితమే తొమ్మిదో పేజీ అండి. ఇటుపక్క లాగితే అటుపక్క ఊడొచ్చేస్తాది.”

“తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏముంది?”

“మొదటి చాప్టరండి.”

అంటే నా ముందుమాట పోవాలంటే చిన్నమ్మాయి మొట్టమొదటి రోజు రేవుకి నడిచి రావడం కూడా పోతుంది. ఆ నాలుగు పేజీలు నాకు చాలా ఇష్టం. కొత్త చెప్పులు తడవకుండా చేత్తో పట్టుకుని బురదలో నడిచొస్తుంది. వద్దులే అన్నాను.

వచ్చేస్తుంటే లోవరాజు వెనకనించి, “మా ఆవిడ చదివిందండి పుస్తకం. మీ ముందుమాట చూసి, ఆవిడ చచ్చిపోద్ది చచ్చిపోద్దని ప్రతి పేజీకీ బిక్కుబిక్కుమంటా చదివిందండి. తీరా ఆఖర్న మేకపిల్ల దగ్గరకొచ్చేసరికి, అమ్మయ్య, బతికుందని కేకేసిందండి. ఆ ఎత్తు భలే ఏశారండి మీరు!” అన్నాడు.

నేను చిరునవ్వు నవ్వాను.

నవంబరు 19, మంగళవారం

నిజానికి అది ఎత్తే. ఆలోచించి చూస్తే పాఠకుణ్ణి కావాలనే తప్పుదారి పట్టించి ఉత్కంఠ పెంచడం ముందుమాటలో కొత్త ప్రయోగం. తెలుగులో ఇంతవరకూ ఎవరూ చేసినట్టు లేదు. నాకు తెలియకుండానే నా లోపలి రచయిత చేయించి ఉంటాడు. సభలో ఇలాగే చెబుతాను. ఇక ప్రతీకగా చూసినా చిన్నమ్మాయి మునిగినట్టే లెక్క, బతుకనే నదిలో.

రెండు పేజీల ప్రసంగం రాసుకున్నాను. చాలా బాగా వచ్చింది.

నవంబరు 20, బుధవారం

ఆ రెండు పేజీలూ చింపేశాను. సత్యలక్ష్మికి చదివి వినిపించడం నా బుద్ధితక్కువ. అంతా విని, “అయితే పళ్ళ డాక్టరు ఏమన్నాడు?” అంది.

నవంబరు 21, గురువారం

జ్వరం వచ్చిందని పల్లంరాజు గారికి ఫోన్ చెయ్యమన్నాను సత్యలక్ష్మిని. “వచ్చాక చేస్తా”నంది.

రాలేదు.

నవంబరు 22, శుక్రవారం

ఇవాళ పొద్దున అలమరలోంచి నా నాలుగు నవలలూ తీసి ముందేసుకున్నాను. ఆశాజ్యోతి గారి నవల చదివిన కళ్ళతో చదివాను. చదివి ఉండాల్సింది కాదు.

నాలుగింటిలోనూ గోదావరి ఉంది. పొంగుతుంది, నిట్టూరుస్తుంది, తల్లిలా పిలుస్తుంది. నాలుగింటిలోనూ పంటు ఉంది. పంటు ఎక్కినవాళ్ళు ఒక్కరూ టికెట్టు తీసుకోలేదు! ఒక్కరి చేతిలోనూ గొడుగు గానీ, సంచి గానీ, మేకపిల్ల గానీ లేవు. వస్తారు, నదిని చూస్తారు, బరువుగా మాట్లాడతారు, దిగిపోతారు.

ఆ నాలుగు నవలల్లో అయిదుగురు ఆడవాళ్ళు మునిగి చనిపోయారు. శ్యామల, యమున, ఇందుమతి, పద్మిని. అయిదో ఆవిడకి పేరు కూడా పెట్టలేదు. నవల ఎలా ముగించాలో తెలియనప్పుడల్లా ఒకర్ని నదిలోకి పంపించాను. చిన్నమ్మాయిని కూడా అదే చేత్తో పంపించాను, పుస్తకం తెరవకుండానే. అది ప్రయోగమూ కాదు, పాడూ కాదు. నాకు వచ్చిన కథ అదొక్కటే.

సిగ్గుగా ఉంది. అసూయ కంటే ఇది ఎక్కువ బాధగా ఉంది. మజ్జిగ జోలికి పోలేదు.

నవంబరు 23, శనివారం

సభ రేపు. చొక్కా ఇస్త్రీ అయింది. ప్రసంగం కాలేదు.

నవంబరు 24, ఆదివారం

సభ కల్యాణ మండపం మేడ మీద. అరవై మంది దాకా వచ్చారు. కింద హాల్లో ఎవరిదో నిశ్చితార్థం. మా సభకొచ్చినవాళ్ళలో పదిమంది అక్కడ టిఫిను చేసి పైకొచ్చారని నాకు అనుమానం.

మొదలవడానికి టైము ఉంది కదా అని కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాను. వెనకనుంచి ఎవరో, “మీరేనండి!” అన్నారు. తిరిగి చూస్తే అరవై అయిదేళ్ళావిడ, ఆకుపచ్చ నేత చీర, కళ్ళజోడు. మొహం నిండా నవ్వు.

“వెనకనించి ఇట్టే పోల్చేశానండి. మొహం చూడ్డం ఇదే మొదలు. బాగున్నారాండి? నా పేరు సంపూర్ణమ్మండి, జ్యోతి వాళ్ళమ్మని. రేవులో టికెట్లు నేనే ఇచ్చేదాన్నండి.”

చిన్నమ్మాయి! నాకెదురుగా నిలబడి ఉంది. చేతులు జోడించడం కూడా మర్చిపోయాను.

“నన్ను గోదాట్లో ముంచేశారంట కదండీ?”

“అమ్మా, అది...”

“నాకు ఈతొచ్చండి బాబూ! ముప్ఫయ్యేళ్ళు రేవులో పనిచేసినదానికి ఈత రాపోతే ఎలాగండీ?” అని ఇంత గట్టిగా నవ్వింది. పక్కనే ఉన్న వాళ్ళాయన అబ్రహాము గారు, “మా అందరికీ తనే నేర్పిందండి” అన్నారు వినయంగా.

నాకింకోటి అడగాలనిపించింది. “పంటు మీద ఒకావిడ ప్రసవించింది కదమ్మా. నిజమేనా?”

“నిజవేనండి. మీ వెనకాలేనండి. పిల్ల ఇప్పుడు భీమవరంలో నర్సుగా చేస్తుందండి, ఆయ్.”

పల్లంరాజు గారు మైకులో నా పేరు పిలిచారు. చక్రవర్తి అని కూడా అన్నారు. మైకు దగ్గరికి వెళ్ళాను. చేతిలో కాగితం లేదు. ఏమన్నానో ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను, రేపు మార్చి గుర్తు తెచ్చుకోకుండా:

“ఈ పుస్తకానికి ముందుమాట నేను చదవకుండా రాశాను. ఇందులో చిన్నమ్మాయి చనిపోదు. నేనే చంపేశాను, అలవాటు కొద్దీ. తర్వాత చదివాను. రెండుసార్లు చదివాను. పదకొండేళ్ళు నా పక్కనే జరిగిన కథ ఇది, నాకు తెలియలేదు. 88వ పేజీలో ఒకాయన ఉన్నారు, మీరందరూ నవ్వుకుంటారు. అది నేనే. కొనుక్కున్నవాళ్ళు అయిదు నుంచి ఎనిమిది పేజీలు వదిలేసి తొమ్మిదో పేజీ నుంచి చదవండి. అక్కడ చెప్పులు చేత్తో పట్టుకుని ఒకావిడ నడిచొస్తుంది.”

వచ్చి కూర్చున్నాను. పల్లంరాజు గారు మైకు దగ్గర నోరు తెరిచి నిలబడ్డారు. ముందు వరుసలో నా ముందుమాటలతో పుస్తకాలు వేసుకున్నవాళ్ళు ముగ్గురున్నారు, ముగ్గురూ నాకేసి చూడటం మానేశారు. ముందుగా చప్పట్లు కొట్టింది సంపూర్ణమ్మ గారు. అప్పుడు మిగతావాళ్ళూ కొట్టారు.

సభ అయ్యాక ఆశాజ్యోతి గారిని పక్కకి పిలిచి అడిగాను. “తప్పని తెలిసీ ఎందుకు వేశారండీ? నా మీద కోపమా?”

“అయ్యో, కోపమేంటండీ.” కొంచెం తటపటాయించారు. “మీకో సంగతి చెప్పాలండి. కాలేజీలో ఉన్నప్పుడు మీ ‘ఏటిగట్టు శ్యామల’ చదివానండి. ఆఖర్న శ్యామల మునిగిపోయిందని ఎంత ఏడ్చానో! అప్పుడు మాత్రం కోపమొచ్చిందండి మీ మీద. ఒక నోట్సు తీసి, మీ ఆఖరి లైను కింద నించి నేను రాయడం మొదలెట్టాను. నేను రాసిన మొదటి కథ అదేనండి. తర్వాత యమునని, ఇందుమతిని, అందర్నీ బతికించుకున్నాను. మీరు రాయకపోతే నేను రాసేదాన్నే కాదండి.”

“మరి ఈ ముందుమాట?”

“చదివితే నవ్వొచ్చిందండి. సార్ ముందు ముంచేస్తారు, వెనకాల నేను బతికించాలి, ఎప్పుడూ ఉన్నదే కదా అనుకున్నాను. ఉంచేశానండి.”

ఆ నోట్సు ఉందా అని అడిగాను. అమ్మ ట్రంకుపెట్టెలో ఉందన్నారు. ఇస్తారా అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఒక రచయితని పుస్తకం ఇవ్వమని, చదవడానికి ఇవ్వమని అడిగి ఎన్నాళ్ళయిందో.

నవంబరు 26, మంగళవారం

నిన్న నరసాపురం వెళ్ళి నోట్సు తెచ్చుకున్నాను. గోధుమరంగు అట్ట, రోల్ నంబరు, లోపల గుండ్రటి అక్షరాలు. ఇవాళ వసారాలో కూర్చుని చదివాను.

నా నవల ఆఖరి వాక్యం ఇది: “గోదావరి శ్యామలను తనలో కలుపుకుంది.” రాసిన రోజు నా వాక్యానికి నేనే మురిసిపోయాను. ఆశాజ్యోతి దాన్ని పై గీత మీద ఎత్తి రాసి, కింద మొదలుపెట్టింది: “నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయి. శ్యామలకి ఒక్కసారిగా తెలివొచ్చింది. చేతులు ఆడించింది.”

శ్యామల గట్టెక్కింది. చీర పిండుకుంది. వెక్కి వెక్కి ఏడ్చి, తర్వాత ఆ ఏడుపు తనది కాదనిపించి మానేసింది. ఆ మాట మళ్ళీ వెనక్కొచ్చి చదివాను.

“ఏంటండీ అది?” అంటూ సత్యలక్ష్మి వచ్చి నిలబడింది.

“శ్యామల బతికిందట.”

“ఏ శ్యామల? మీ శ్యామలే?”

“ఊఁ.”

“హమ్మయ్య!” అంది. ఇరవై ఆరేళ్ళ కిందటి పుస్తకం. చదివిందనే నాకు తెలియదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. “చదవండి మరి, తర్వాతేమైంది?”

నేను పైకి చదివాను. శ్యామల గట్టు మీదున్న మొదటి ఇంటికి వెళ్ళి తలుపు కొట్టింది. ఆ ఇంటావిడ ఎవరు నువ్వు, ఎందుకు తడిశావు అని ఏమీ అడగలేదు. పొడి చీర ఇచ్చింది. శ్యామల ఆవిడతో అన్న మొదటి మాట, “అమ్మా, కొంచెం అన్నం ఉంటే పెడతారా?” ఆ మాట పక్కన మార్జిన్‌లో, పద్దెనిమిదేళ్ళ పిల్ల పెన్సిల్‌తో రాసుకుంది: పద్నాలుగో ప్రకరణం నించి ఈవిడ ఏమీ తినలేదు.

సత్యలక్ష్మి లేచి వెళ్ళి నా నవల తెచ్చి ఒళ్ళో పెట్టింది. పద్నాలుగో ప్రకరణం నుంచి ఒక్కొక్క పేజీ తిప్పుతూ వచ్చాను. సూర్యోదయాలున్నాయి, వెన్నెలుంది, వర్షముంది. నిజమే. మూడు రోజులు, శ్యామలకి నేను అన్నం పెట్టలేదు.